సారెలో పంపిన పిలకలు

ఊబలంక,
రావులపాలెం మండలం.
మే 28, 2025.

పుణెలో బూజు పెంచుకుంటున్న మా అన్న కూతురు శ్రీదుర్గకి,

నీ బాబాయి చంద్రరావు రాసేది. నాకై నేను కలం పట్టలేదు, మీ పిన్ని పట్టించింది. మొన్న ఫోన్లో మనిద్దరం ఒకేసారి అరుచుకుంటుంటే ఆవిడ వచ్చి ఫోన్ లాక్కుని, "మీ ఇద్దరిలో ఒక్కరికైనా ఎదుటివాళ్ళ మాట వినే ఓపిక ఉందాండి? ఇక చెప్పుకునేదేదైనా ఉంటే ఉత్తరాలు రాసుకోండి. చదువుతున్నంతసేపైనా నోరు మూసుకుంటారు" అంది. పోస్టాఫీసుకెళ్ళి కవరు అడిగితే అక్కడి అమ్మాయి నన్ను పాతసామాను చూసినట్టు చూసింది. నీ వల్ల నాకు ఆ మర్యాద కూడా జరిగింది.

పేపర్లో నీ ఫోటో చూశాం. బూజు పోగులు ఒకదానితో ఒకటి ప్రోటీన్లతో మాట్లాడుకుంటాయట, ఆ సంగతి కనిపెట్టిన ఘనత మా గోదావరి ఆడపడుచుదట. మార్కెట్‌యార్డులో గెలలు దింపుతున్నవాళ్ళందరికీ చదివి వినిపించాను. మన తోటలో పనిచేసే సత్తియ్య గెల భుజాన ఉండగానే ఆగిపోయి, "ఏం మాట్లాడుకుంటాయండి?" అని అడిగాడు. "మన దుర్గమ్మకి జీతం పెరిగిందా లేదా అనిరా" అన్నాను. ఆ పూట యార్డులో ఎవరూ సరిగ్గా పని చెయ్యలేదు.

ఇంత చదువుకున్నదానివి, చెల్లెలి పెళ్ళికొచ్చి ఏం చేశావు? సుప్రియని అత్తారింటికి సాగనంపుతూ అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే నువ్వు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నా అరటితోటలో ఆకులు తిప్పి చూస్తున్నావు. ఆకు అంచులు పండుబారాయట, కింది ఆకులు విరిగి బోదె చుట్టూ వేలాడుతున్నాయట. "ఇది పనామా తెగులు బాబాయిగారూ, నాటుకోడానికి పిలకలు ఎవరికీ ఇవ్వకండి" అని పెళ్ళివారి బస్సు పక్కన నిలబడి అంటావా? మేళం మోగుతోంది కాబట్టి సరిపోయింది. లేకపోతే వియ్యంకుడు సత్యప్రసాద్ గారు వినేవారు, నా తల తీసి మొలేసినట్టయ్యేది.

ఆయన భోజనాల దగ్గర మన అమృతపాణి పండు ఒలుచుకుని తిని, "ఈ రుచి మా ఆత్రేయపురం వైపు లేదండి బావగారూ" అన్నారు. అప్పుడే నిశ్చయించుకున్నాను. ఆషాఢం సారెలో ఆయన కొత్తగా అరటి వెయ్యబోయే మూడెకరాలకీ సరిపడా పిలకలు పంపుతున్నాను. సారెలో కావిళ్ళ కొద్దీ మిఠాయిలు పంపినవాళ్ళని చూశాం గానీ, తోటకి తోటే పంపినవాడు ఈ చుట్టుపక్కల లేడు. నువ్వు నీ బూజుతో కబుర్లు చెప్పుకుంటూ ఉండు.

ఆశీస్సులు మీ పిన్నివి. నావి ఇవ్వాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను.

చంద్రరావు


పుణె,
జూన్ 7, 2025.

అరటికి మించిన చదువు లేదని నమ్మే బాబాయిగారికి,

నమస్కారం. చిన్నప్పటి అలవాటు కనుక పెడుతున్నాను, మీ ఉత్తరం చదివాక పెట్టాలనిపించి కాదు.

ముందు పేపరు సంగతి. అది కనిపెట్టింది నేను కాదు. నాకంటే ముందు చాలామంది చూశారు, అందులో చిన్న ముక్క మీద నేను పనిచేస్తున్నాను. విలేకరికి గంటసేపు వివరించాను, అతనికి అర్థమైంది నా ఊరి పేరొక్కటే. దాన్ని మీరు యార్డులో పైకి చదివారు కనుక అతని తెలివీ మీ తెలివీ సరిసమానమని లోకానికి తెలిసింది.

అసలు జరిగేది వినండి. బూజు గింజ మొలకెత్తితే సన్నటి పోగు వస్తుంది. పక్కపక్కన రెండు మొలిస్తే అవి ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వంగి వచ్చి కలిసిపోతాయి. కలిసేముందు ఒక పద్ధతి పాటిస్తాయి. ఒకదాని కొసన కబురు పంపే ప్రోటీన్ చేరినప్పుడు, రెండోదాని కొసన కబురు అందుకునే ప్రోటీన్ ఉంటుంది. కొద్ది నిమిషాలకి రెండూ పాత్రలు మార్చుకుంటాయి. ఇది చెప్తుంటే అది వింటుంది, అది చెప్తుంటే ఇది వింటుంది. నేను ఆ ప్రోటీన్లకి వెలిగే రంగులు తగిలించి మైక్రోస్కోపు కింద చూస్తుంటాను. మెదడు లేదు, నోరు లేదు, ఒంటికణం మొలక. దానికి ఆ మాత్రం మర్యాద తెలుసు. మన ఇంట్లో పుట్టలేదు కాబోలు.

ఇక మీ తోట. అందులో ఉన్నదీ పోగుల బూజే, పేరు ఫ్యుజేరియం, మట్టిలో కాపురముంటుంది. మొక్క వేరు నేలలోకి కొన్ని ప్రోటీన్లు వదులుతుంది. తన జోడు పంపే సంకేతాన్ని పట్టుకోవడానికి ఈ బూజుకి ఒక రిసెప్టర్ ఉంది. దానితోనే వేరు జాడ కూడా పసిగట్టి, అటు తిరిగి, లోపలికి దూరుతుంది. టమాటా వేళ్ళ మీద ఇది నిరూపించారు, అరటి మీద మేము చూస్తున్నాం. దూరాక చెట్టులో నీరెక్కే దారులు మూసేస్తుంది. చెట్టు నిలబడే ఎండిపోతుంది. అందులో అమృతపాణికి దీన్ని తట్టుకునే శక్తి బొత్తిగా లేదు. మందు కూడా లేదు. ఉందని ఏ షాపువాడైనా అంటే మీ చెవిలో పువ్వు పెడుతున్నాడని అర్థం.

పిలక పైకి నవనవలాడుతూ ఉంటుంది, దాని దుంపలో బూజు కూర్చుని ఉంటుంది. అందుకని ఒక్క పని చెయ్యండి. పండుబారిన చెట్టు దుంప తవ్వించి అడ్డంగా కోయించండి. తెల్లగా ఉంటే నా డిగ్రీలన్నీ తెచ్చి మీ పొయ్యిలో పెడతాను. ఎర్రటి చారలుంటే ఒక్క పిలక కూడా మీ గట్టు దాటకూడదు. దుంప ఏ రంగులో ఉందో రాయండి. ఇంకేమీ రాయనక్కర్లేదు.

శ్రీదుర్గ


ఊబలంక,
జూన్ 19, 2025.

మర్యాదస్తులైన బూజులకి పెద్దదిక్కు శ్రీదుర్గకి,

నీ ఉత్తరం మీ పిన్ని చేత చదివించుకున్నాను. బూజులు పెళ్ళిచూపులు చూసుకుంటుంటే నువ్వు పైనుంచి తొంగిచూస్తావన్నమాట. నీకు తెచ్చిన సంబంధాల్లో ఒక్కదాన్నయినా ఇంత శ్రద్ధగా చూసి ఉంటే మీ నాన్న ఆత్మ శాంతించేది. అరటివేరు వాసన బూజుకి తెలుస్తుందట. నలభై ఏళ్ళుగా అరటిలో బతుకుతున్నాను, నాకు తెలియని వాసన దానికి తెలిసిందా?

సారె పనులు జోరుగా సాగుతున్నాయి. తాపేశ్వరం కాజాలు చెప్పాను. లడ్డూలు, మైసూర్‌పాక్, అరిసెలు, జంతికలు పెద్ద పెద్ద పళ్ళేల్లో వెళ్తాయి. పూతరేకులు కూడా చెప్పాను. "ఆత్రేయపురం వాళ్ళకి పూతరేకులేంటండి? వాళ్ళ వీధిలో చేసినవి కొని మళ్ళీ వాళ్ళ వీధికే పంపుతారా?" అని మీ పిన్ని సణిగింది. పూతరేకులు లేని సారె వీడియోలో ఎలా కనబడుతుందో ఆవిడకి తెలియదు. వీడియో తీసే కుర్రాళ్ళు డ్రోను తెస్తున్నారు. అన్నిటికన్నా వెనక పిలకల ట్రాక్టరు. ప్రతి పిలకకీ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టిస్తాను.

ఈ ఏడు ఎండలు చూశావుగా, ఆకు పండుబారక ఏం చేస్తుంది? ఎరువుల షాపాయన జింకు లోపమన్నాడు, డబ్బా ఇచ్చాడు. కొట్టించాను. ఆయనకి బోర్డు మీద డాక్టరని లేదు గానీ, రైతులు ఆయన చుట్టూ తిరుగుతారు. నీ చుట్టూ ఎవరు తిరుగుతున్నారు?

సుప్రియ ఆషాఢానికి వచ్చేవారం పుట్టింటికి వస్తోంది. నిన్ను అడిగానని చెప్పమంది, చెప్పాను.

చంద్రరావు


పుణె,
జూన్ 27, 2025.

బాబాయిగారికి,

అంత ఉత్తరం రాశారు. కాజాలున్నాయి, డ్రోను ఉంది, జింకు డబ్బా ఉంది, మా నాన్న ఆత్మ కూడా ఉంది. దుంప రంగు లేదు. మీ సంగతి నాకు తెలుసు. తవ్వకపోయి ఉంటే "తవ్వను పో" అని రాసేవారు. తవ్వారు. కోశారు. చూశారు. అందుకే ఎండల గురించి రాశారు.

మీ తోట మీ ఇష్టం, ఎండబెట్టుకోండి. కానీ సత్యప్రసాద్ గారి మూడెకరాలు మీవి కావు. ఆ పిలకలు నాటితే మార్గశిరం నాటికి ఆయన తోట పండుబారుతుంది, ఆ నేల మరి మన తరంలో అమృతపాణికి పనికిరాదు. ఆ రోజు ఆయన మిమ్మల్నేమీ అనరు, పెద్దమనిషి. ఆ ఇంట్లో ఉండాల్సింది సుప్రియ. తెగులు పుట్టింటి నుంచి సారెలో తెచ్చుకున్న కోడలని వీధిలో ఆడవాళ్ళు అనుకుంటుంటే వినాల్సింది అది. మీరు ఇక్కడ గెలల మధ్య కూర్చుని జోకులు వేస్తూ ఉంటారు.

పిలకలు ఆపండి. కాజాలు రెట్టింపు పంపుకోండి, విమానంలో పంపుకోండి. ఆపకపోతే నేనే సత్యప్రసాద్ గారికి ఉత్తరం రాస్తాను.

శ్రీదుర్గ


ఊబలంక,
జులై 13, 2025.

బెదిరించడం నేర్చుకున్న శ్రీదుర్గకి,

రాసుకో. ఆయన అడ్రసు కూడా ఇస్తాను, పంచాయతీ ఆఫీసు ఎదురుగా మేడ.

అవును, కోశాను. ఎర్రగానే ఉంది. అయితే ఏంటి? పడమటి గట్టు పక్క కాసిని చెట్లు పోతే తోటంతా పోయినట్టా? పిలకలు తూర్పు వైపువి తీయించాను, ఒక్కోటీ పొట్టేలు పిల్లలా ఉంది. అయినా ఊరందరినీ పిలిచి, ట్రాక్టరుకి పూలు కట్టించి, ఇప్పుడు "నా తోటకి రోగం వచ్చిందండోయ్" అని చాటింపు వెయ్యమంటావా? చంద్రరావు అమృతపాణి అంటే మార్కెట్లో గెల చూడకుండా ధర చెప్తారు. ఆ పేరు నీ మైక్రోస్కోపులో కనబడదు.

సారె నిన్న వెళ్ళింది. ఆత్రేయపురం వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. సత్యప్రసాద్ గారు ఎదురొచ్చి దగ్గరుండి దింపించుకున్నారు. పిలకలు కొబ్బరిచెట్ల నీడన పేర్పించారు, ఆషాఢం వెళ్ళగానే మంచిరోజు చూసి నాటిస్తారట. రేపు అక్కడ ఏదైనా పండుబారితే నేల కలిసిరాలేదంటాను. ఆయనకి అరటి పెంచడం ఎప్పుడొచ్చింది గనక? కొబ్బరి మనిషి.

సుప్రియ కూడా నీ గాలి సోకి "దుంప ఏ రంగులో ఉంది నాన్నగారూ?" అని అడిగింది. "నీకు కొనబోయే పట్టుచీర రంగులో" అన్నాను. నవ్వేసింది. దానికున్న సంస్కారం నీకు లేదు.

చంద్రరావు


ఊబలంక,
జులై 31, 2025.

శ్రీదుర్గా,

జవాబు రాయకపోతే తోక ముడిచావనుకున్నాను. అన్నంత పనీ చేశావు.

సత్యప్రసాద్ పిలకలన్నీ చేలో గుట్టపోయించి, ఎండుకొమ్మలు వేసి, డీజిల్ పోసి తగలబెట్టించాడు. పసుపు కుంకుమలు పెట్టిన సారె అది. శ్రావణమాసం, మొదటి మంగళవారం, పట్టపగలు. ఎవడో ఫోన్లో తీశాడు, సారె వీడియో చూసినవాళ్ళందరూ ఇదీ చూశారు. పొద్దున యార్డుకెళ్తే నా గెల దగ్గర ఒకడు వంగి కాడ కోసి చూస్తున్నాడు. నిన్నటిదాకా నాకు ఎదురుపడితే తలపాగా తీసేవాడు.

తృప్తిగా ఉందా? ఈ ఇంటి ఉప్పు తిని పెరిగావు. మీ నాన్న పోతే నీ ఫీజుల దగ్గర్నుంచి నీ హాస్టలు దాకా ఎవరు చూశారో బూజుని అడుగు, చెప్తుంది. నాకు అన్న లేడు, ఇప్పుడు అన్న కూతురు కూడా లేదు.

ఆత్రేయపురం వెళ్తున్నాను. అరటి గురించి నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదని, ఆ దుంపలో ఏముందో తనకన్నా ముందు నాకు తెలుసని, తెలిసే పంపానని వియ్యంకుడి మొహాన చెప్పి వస్తాను. వర్షాలు తగ్గనీ.

చంద్రరావు


పుణె,
ఆగస్టు 6, 2025.

బాబాయిగారికి,

ఈ ఉత్తరం స్పీడ్‌పోస్టులో పంపుతున్నాను, మీరు బయల్దేరేలోపు అందాలని.

సత్యప్రసాద్ గారికి నేను రాయలేదు. రాయడం మొదలుపెట్టి చింపేశాను. ఆయన తోట మీద జాలితో రాస్తున్నానో, మీ పరువు తీయాలన్న కక్షతో రాస్తున్నానో నాకే తెలియలేదు. మీరంటే నాకు అంత ఒళ్ళుమంట.

చెప్పింది సుప్రియ. శ్రావణంలో అత్తారింటికి వెళ్ళిన మర్నాడు చెప్పింది. ఆ తరవాత నాకు ఫోన్ చేసింది. అది అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను, ఈసారైనా మధ్యలో అడ్డం రాలేరు కనుక.

"నాన్నగారు సత్తియ్య చేత దుంప కోయించడం పెరట్లోంచి చూశానక్కా. ఎర్రగా ఉంది. నాన్నగారిని అడిగితే చీర రంగు చెప్పారు. ట్రాక్టరు దగ్గర మళ్ళీ అడిగాను. కెమెరా ఉంది, నవ్వమన్నారు. నవ్వాను. ఇక్కడికొచ్చేసరికి మావయ్యగారు గుంటలు తీయిస్తున్నారు. కొబ్బరిలో ఏమీ మిగలట్లేదని ఆ మూడెకరాల మీదే ఆశ పెట్టుకున్నారు. చెప్పేశాను. 'మీ నాన్నగారికి తెలుసా అమ్మా?' అని అడిగారు. తెలియదండి, ఆయనకి ఈ తెగుళ్ళ గురించి ఏమీ తెలియదండి అన్నాను."

విన్నారా? మీ కూతురు మిమ్మల్ని నోరారా అడిగింది, అడిగినప్పుడల్లా మీరు వేళాకోళమాడారు. ఒంటికణం మొలక కూడా ఎదుటిది చెప్పేటప్పుడు ఆగుతుందని రాస్తే నవ్వారు కదా, నవ్వుకోండి.

ఇప్పుడు ఆ ఇంట్లో మీరు మోసగాడు కాదు, ఏమీ తెలియని రైతు. సుప్రియ అబద్ధమాడి మీకు ఆ చోటు సంపాదించింది. మీరు వెళ్ళి నాకన్నీ తెలుసని మీసం తిప్పితే, కొత్తకోడలు వచ్చీ రాగానే మామగారితో అబద్ధమాడిందని తేలుతుంది. మీ పేరు గొప్పదో, మీ కూతురు గొప్పదో తేల్చుకుని బస్సెక్కండి.

శ్రీదుర్గ


ఊబలంక,
ఆగస్టు 22, 2025.

శ్రీదుర్గకి,

నిన్న ఆత్రేయపురం వెళ్ళొచ్చాను. నీ ఉత్తరం జేబులోనే ఉంది. అది అందాక కూడా వెళ్ళింది దెబ్బలాడటానికే, నీ దగ్గర దాచడమెందుకు. దారి పొడవునా అనాల్సిన మాటలన్నీ కూర్చుకున్నాను.

గేటు దగ్గర సుప్రియ ఎదురొచ్చింది. "నాన్నగారండీ, అక్కడే ఆగండి. చెప్పులు రోడ్డు మీదే వదిలెయ్యండి" అంది. గేటు లోపల టబ్బుతో మందునీళ్ళు ఉన్నాయి. మన తోట మట్టి తొక్కి వచ్చేవాళ్ళందరూ అందులో కాళ్ళు కడుక్కునే లోపలికి రావాలట. మామగారికి సంగతి చెప్పిన రోజే ముందు తనూ కడుక్కుందట. పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడిగినవాణ్ణి, సారెని చూసిన వీధి ముందే పంచె ఎత్తిపట్టుకుని నిలబడ్డాను. గోళ్ళ సందుల్లో మట్టి ఉందంది. ఒక చెయ్యి గోడకి ఆన్చి, వంగి రుద్దుకున్నాను.

సత్యప్రసాద్ గారు వరండాలోంచి దిగి వచ్చారు. వెనక వరండాలో ఇద్దరు వ్యాపారులు కూర్చుని ఉన్నారు, మార్కెట్‌యార్డులో నన్నెరిగినవాళ్ళే, కొబ్బరికాయల బేరానికి వచ్చారట. నేను నోరు తెరిచేలోపే ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "సారె కాల్చాల్సొచ్చింది, మనసులో పెట్టుకోకండి బావగారూ. మీరు మాత్రం ఏం చేస్తారు? పాతకాలపు సేద్యం మనది. దుంప కోసి చూసుకోవాలని మనకి ఎవరు చెప్పారు గనక? మీకు తెలియక జరిగింది" అన్నారు. నిజంగానే జాలిపడుతున్నారు. వ్యాపారులు కూడా పాపమన్నట్టు తలాడించారు. ఆయన తిట్టినా నిలబడేవాణ్ణి.

కూర్చుకున్న మాటలన్నీ గొంతులోనే ఉన్నాయి. సుప్రియ తువ్వాలు పట్టుకుని నావంకే చూస్తోంది. నేను ఏదో ఒక వేళాకోళం ఆడతానని ఎదురుచూస్తోందని నాకు అర్థమైంది.

"అవునండి బావగారూ, నాకు తెలియలేదు" అన్నాను.

సుప్రియ తువ్వాలు నా చేతికిచ్చింది. కాళ్ళు తుడుచుకున్నాను. లోపలికి రమ్మంది.

చంద్రరావు